తూకం కదలకపోయినా నన్ను నడిపించిన నలుగురికి

ఈ కృతజ్ఞతలు ఎప్పుడో చెప్పాల్సింది. రెండో నిద్ర పరీక్ష ఫలితం చేతికొచ్చాకే రాయాలని ఇన్నాళ్లూ ఆగాను. మొన్న వచ్చింది. మొదటి పరీక్షలో, నిద్రలో గంటకు 31 సార్లు నా శ్వాస పూర్తిగా ఆగడమో బాగా సన్నగిల్లడమో జరిగినట్టు తేలింది. ఇప్పుడు మాస్కు లేకుండా పడుకున్న రాత్రి ఆ లెక్క 20. గంటకు 30 దాటితే స్లీప్ ఆప్నియా తీవ్రంగా ఉన్నట్టు, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థంగా ఉన్నట్టు. అంటే జబ్బు పోలేదు. మాస్కు గుండా గాలి పంపే సీప్యాప్ యంత్రం నా మంచం పక్కనే ఉంది, ఇక ముందూ ఉంటుంది. అయినా ఒక మెట్టు దిగాను. ఆ మెట్టు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నవాళ్లు నలుగురు.

మొదట మా అమ్మాయి. రెండేళ్లకు పైగా నేను తలనొప్పితోనే నిద్ర లేచేదాన్ని. ఎనిమిది గంటలు పడుకున్నా ఒంట్లో సత్తువ ఉండేది కాదు. చూపించుకున్న చోటల్లా ఒక్కో మాట చెప్పారు. రక్తం తక్కువ అన్నారు, దిగులు అన్నారు, నెలసరి ఆగిపోయిన వయసులో ఇవన్నీ మామూలే అన్నారు. ఆ చివరి మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎందుకంటే మెనోపాజ్ తర్వాతే ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువవుతుంది. పెద్ద గురక లేకుండా అలసట, తలనొప్పి, రాత్రి మాటిమాటికీ మెలకువ రావడం లాంటివే పైకి కనిపించవచ్చు. నాకు గురక పెద్దగా లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

సెలవులకు వచ్చిన అమ్మాయి ఒక రాత్రి నా పక్కన పడుకుంది. ఎందుకో మెలకువ వచ్చి నా వీపు మీద చెయ్యి వేస్తే వీపు కదలడం లేదట. భయపడి మనసులోనే అంకెలు లెక్కపెట్టింది. ఇరవై రెండు దగ్గర నేను ఉలిక్కిపడినట్టు గాలి పీల్చానట. కాసేపటికి మళ్లీ అదే. ఇక పడుకోలేదు. ఫోను వెలుతురులో ఒక కాగితం మీద తెల్లవార్లూ రాస్తూ కూర్చుంది: 22, 19, 27, 24. పక్కన సమయం. పది సెకన్లు ఆగినా లెక్కలోకి వస్తుందని తర్వాత తెలిసింది. నిద్ర పరీక్ష చేయించమని డాక్టరు రాసింది ఆ కాగితం చూశాకే. తల్లీ, అది ఇంకా నా బీరువాలోనే ఉంది.

తర్వాత ఆ నిద్ర వైద్యుడు. పరీక్ష ఫలితం చూసి నేను అడిగిన మొదటి ప్రశ్న, "వ్యాయామం చేస్తే యంత్రం లేకుండా గడుస్తుందా?" అని. అవునంటే ఆ రోజు నేను ఎంతో సంతోషించేదాన్ని. ఆయన ఆ మాట అనలేదు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతోందని, యంత్రం గాలి ఒత్తిడితో దాన్ని తెరిచి ఉంచుతుందని చెప్పారు. వ్యాయామంతో జబ్బు తగ్గుముఖం పట్టే అవకాశం ఉంది కానీ, మాస్కు తీయాలా వద్దా అన్నది మళ్లీ పరీక్ష చేసి తేల్చాల్సిందే తప్ప మనకు బాగుందనిపించినంత మాత్రాన తేలదన్నారు. ముందు రక్తపోటు చూసి, గుండె పరీక్షలు చేయించారు. పగటి మగత తగ్గేదాకా కారు నడపవద్దని గట్టిగా చెప్పారు. నెల రోజులు యంత్రంతో సరిగ్గా నిద్రపోయాకే నడక మొదలుపెట్టమన్నారు. ఆ వరుస ఎంత సరైనదో తర్వాత అర్థమైంది. అంతకుముందు నేను వ్యాయామం మొదలుపెట్టి మూడు రోజులకే మానేసిన సందర్భాలు ఎన్నో. అది బద్ధకమని నన్ను నేను తిట్టుకునేదాన్ని. నిద్రే లేని మనిషికి కాళ్లలో బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మూడోవారు ఫిజియోథెరపిస్టు. నేను ఎక్కువగా రుణపడింది ఈవిడకే.

మొదటి రోజు ఆవిడ నన్ను బరువెంత అని అడగలేదు. సాక్సులు తీయమన్నారు. చీలమండ పైన సాక్సు అంచు పడిన గీత లోతుగా, ఎర్రగా ఉంది. దాని పక్కన బొటనవేలితో నొక్కితే సొట్ట పడి, నెమ్మదిగా నిండింది. "రోజంతా కుర్చీలోనే కూర్చుంటారా?" అన్నారు. అవునన్నాను. గుండె, మూత్రపిండాల పరీక్షల్లో తేడా లేదని కాగితాలు చూసి రూఢి చేసుకున్నాక అసలు సంగతి చెప్పారు. పగలంతా కూర్చుంటే ఒంట్లోని నీరు కాళ్లలోకి దిగుతుంది. రాత్రి పడుకోగానే అందులో కొంత మెడ వైపు వస్తుంది. అసలే ఇరుకుగా ఉన్న గొంతు చుట్టూ ఆ కాస్త వాపు చేరితే గాలి దారి ఇంకా తేలిగ్గా మూసుకుపోతుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుసుకుని సడలుతూ ఆ నీటిని పైకి తోడుతాయి. గొంతు జబ్బుకు పిక్కలతో పని ఉంటుందని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. వ్యాయామం పనిచేసే దారి ఇదొక్కటే అనుకోవద్దని కూడా అన్నారు. నిద్ర గాఢంగా పట్టడం, గొంతు కండరాల పటుత్వం పెరగడం కూడా తోడ్పడుతూ ఉండవచ్చట.

అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పింది ఆవిడే. అందులో పాల్గొన్నది 43 మంది, అందరూ కదలకుండా కూర్చునే అలవాటున్నవాళ్లే. ఒక బృందం 12 వారాల పాటు వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో వ్యాయామం, రెండు రోజులు కండరాల బలం పెంచే కసరత్తు చేసింది. మరో బృందం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసింది. మొదటి బృందంలో శ్వాస ఆగే లెక్క సగటున గంటకు 32 నుంచి 25కు దిగింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. చిన్న అధ్యయనమే, నిజం. కానీ బరువు తగ్గితేనే మేలు, లేకపోతే అంతా వృథా అని గట్టిగా నమ్మిన నాకు ఆ ఒక్క మాట కొండంత అండ. బరువు తగ్గితే మేలు ఇంకా ఎక్కువ, అందులో సందేహం లేదు. ఎటొచ్చీ నా ఒంట్లో అది అంత తేలిగ్గా కదలదు.

ఆవిడ నాకు అదే కొలత పెట్టారు: వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు రబ్బరు పట్టీలతో కసరత్తు, గంటకోసారి కుర్చీలోంచి లేవడం. రోజూ కాసేపు నాలుకను అంగిటికి ఆనించి వెనక్కి జరిపే గొంతు వ్యాయామాలు కూడా నేర్పారు. నాకు కలిగిన మేలులో దేని వాటా ఎంతో చెప్పలేను. పన్నెండు వారాలు తూకం జోలికి పోవద్దని మాట తీసుకున్నారు.

ఆ మాట నేను అయిదో వారంలో తప్పాను. బరువు చూసుకున్నాను. ముప్పావు కిలో కూడా తగ్గలేదు. మర్నాడు ఉదయం బూట్లు వేసుకోకుండా గుమ్మం మీద కూర్చుండిపోయాను. అప్పుడు వచ్చారు మా పక్కింటి వదినగారు. నాకన్నా పదేళ్లు పెద్ద, ఆవిడకు ఈ జబ్బు లేదు, నాకు తోడుగా నడవాల్సిన అవసరమూ లేదు. సంగతి విని ఏమీ అనలేదు. వంగి నా సాక్సు కాస్త కిందికి జరిపి చూశారు. "గీత ఏదీ?" అన్నారు. నిజమే, లోతుగా ఎర్రగా ఉండే ఆ గీత చాలా పలచబడింది. నేను చూసుకోనే లేదు. బూట్లు తెచ్చి నా ముందు పెట్టారు.

మా నడక వేగం ఆవిడ చేతిలోనే ఉండేది. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ ఓ మోస్తరు వేగానికి గుర్తు. అందుకని దారిలో ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవారు. నేను తడుముకోకుండా పొడుగాటి జవాబు చెబితే అడుగులు పెంచేవారు. వదినగారూ, నా చిన్ననాటి కబుర్లు నా తోబుట్టువుల కంటే ఇప్పుడు మీకే ఎక్కువ తెలుసు.

చివరికి నేను తగ్గింది కిలోన్నర. తలనొప్పితో లేచి చాలా రోజులైంది. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నల్లో 24కి 16 ఉన్న నా మార్కు 7 అయింది. పది దాటితే ఎక్కువ కింద లెక్క. ఇందులో యంత్రం పాలు చాలా ఉంది. మీలో ఎవరైనా ఇది చదివి నడక మొదలుపెడితే దయచేసి మాస్కు మాత్రం మీ అంతట మీరు తీసేయకండి.

పోయిన నెల అమ్మాయి మళ్లీ వచ్చి నా పక్కనే పడుకుంది. రాత్రి వీపు మీద చెయ్యి పడటం నాకు తెలుసు, కదలకుండా ఉన్నాను. పొద్దున అడిగితే, లెక్కపెడదామని చెయ్యి వేసి, పది ఊపిరులు పూర్తికాకముందే తనే నిద్రపోయానంది.