పగిలితే ఉచితం, పగలకపోతే 27 వేలు: మా ఆల్డర్‌మన్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా వార్డు ఆల్డర్‌మన్ గారికి,

నమస్కారం. మా ఇంటికి నీళ్ళు తెచ్చే పాత సీసం పైపు గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఇంగ్లీషులో రాశాను. మొదటిదానికి "మీ సందేశం అందింది" అని కంప్యూటర్ జవాబిచ్చింది. రెండోదానికీ అదే కంప్యూటర్, అదే జవాబు. మూడోసారికి దానికి కూడా విసుగొచ్చినట్టుంది, ఏమీ రాలేదు. ఇంగ్లీషులో రాసినా చదవనప్పుడు తెలుగులో రాస్తే పోయేదేముంది? కనీసం షికాగోలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళైనా చదువుతారు. మీ పేరు, వార్డు నంబరు రాయడం లేదు. ఊళ్ళో 50 వార్డులున్నాయి, ఒక్కో వార్డుకు మన కార్పొరేటర్ లాంటి ఒక్కో ఆల్డర్‌మన్, ఎవరికి తగిలితే వారికి.

సీసం పైపులు మార్చే పథకాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఆఫీసు గోడకే పోస్టరు అంటించి ఉంది. కింద నాలుగు కుర్చీలున్నాయి, వాటిలో మూడోది ఊగుతుంది. నాకు బాగా తెలుసు, అందులోనే కూర్చుంటాను. కాబట్టి పథకం మాట పక్కన పెట్టి మా ఇంటి లెక్క చెబుతాను.

మాది 1926లో కట్టిన ఇటుక బంగళా. కొనేముందు ఇన్‌స్పెక్టర్ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి, నేలలోంచి పైకొచ్చే పైపును తాళంచెవితో గీకాడు. వెండిలా మెరిసింది. "లెడ్" అన్నాడు, అంటే సీసం. మా మొహాలు చూసి, "ఈ వీధిలో అందరికీ ఇదేలెండి" అని ఓదార్చాడు. ఊరందరికీ ఉన్న రోగం రోగం కాదన్నట్టు మేమూ సంతకాలు పెట్టేశాం. అది మా తప్పే, ఒప్పుకుంటాను.

తర్వాత పాప పుట్టింది. నీళ్ళల్లోకి కరిగే సీసం పసిపిల్లలకు విషం కదా, అప్పుడు గుండెలో రాయి పడింది. ముగ్గురు ప్లంబర్లను పిలిచాం. వీధి మధ్యలో ఉన్న నగరం పెద్ద పైపు (మెయిన్) నుంచి మా బేస్‌మెంట్ దాకా పాత పైపు తీసి రాగి పైపు వేయాలి, అంతే పని. మొదటాయన 27,400 డాలర్లు అన్నాడు. రెండో ఆయన 31,000. మూడో ఆయన 22,800 అని రాస్తే ప్రాణం లేచొచ్చింది. కింద సన్న అక్షరాలు తర్వాత చూశాం. పేవ్‌మెంట్ తిరిగి వేయడం అదనం. చెట్టు వేళ్ళు అడ్డొస్తే అదనం. డిసెంబరు, మార్చి మధ్య గడ్డకట్టిన నేల తవ్వాల్సి వస్తే అదనం. ఈ ఊళ్ళో చలికి పైపులు గడ్డకట్టకూడదని నీళ్ళ లైను మనిషి లోతున వేస్తారు కదా, తవ్వడమే సగం ఖర్చని ఆయన వివరించాడు. అదనాలన్నీ కలిపితే రెండో ఆయన దగ్గరికే వచ్చి ఆగింది.

మీరు పర్మిట్ ఫీజులు మాఫీ చేశారు. ధన్యవాదాలు. పెళ్ళి ఖర్చంతా ఆడపిల్లవాళ్ళదే, శుభలేఖలు మాత్రం మేం అచ్చేయిస్తాం అన్నట్టుంది.

ఉచితంగా మార్చే ఈక్విటీ పథకం ఉంది కదా అంటారు. ఉంది. ఆదాయం ఈ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉండాలి. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం కాబట్టి మేం గీత దాటాం. ఎంత దాటామంటే, సరిగ్గా పాప డే కేర్ ఫీజంత. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానేస్తే పైపు ఉచితం, కానీ అప్పుడు ఇంటి లోను కట్టేవాళ్ళుండరు.

ఇక అసలు సంగతి. సీసం పైపు తనంతట తాను కారినా, పగిలినా నగరమే వచ్చి మొత్తం కొత్త పైపు వేస్తుంది, పైసా తీసుకోదు. మా ఎదురింటి పెద్దాయనకు అలాగే కలిసొచ్చింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆయన వాకిట్లో మంచు కరిగి చిన్న కుంట కనిపించింది. తర్వాత లారీలొచ్చాయి, తవ్వారు, రాగి పైపు వేశారు, బిల్లు సున్నా. వీధి మొత్తం ఆయన్ని లాటరీ తగిలినవాణ్ణి చూసినట్టు చూసింది. అప్పట్నుంచి నేను రోజూ పొద్దున్నే కిటికీలోంచి మా గడ్డి వైపు చూస్తున్నాను, ఎక్కడైనా తడి కనిపిస్తుందేమోనని. మా నాన్న వాన కోసం ఆకాశం వైపు చూసేవాడు. నేను లీకు కోసం నేల వైపు చూస్తున్నాను. ఇదేనా సార్ పథకం?

జనవరిలో మా మొర దేవుడు విన్నాడు, కాకపోతే అడ్రసు కొంచెం తప్పాడు. బయట మైనస్ 21 సెల్సియస్ ఉన్న రాత్రి వంటగదిలో ఫట్‌మని చప్పుడు. పైపు పగిలింది! నిజం చెప్పాలంటే ఒక్క క్షణం సంతోషపడ్డాను. తీరా చూస్తే పగలాల్సింది పగల్లేదు, బయటి గోడలో ఉన్న సింక్ పైపు పగిలింది. అది ఇంటి లోపలిది, ఏ పథకంలోకీ రాదు. ఆ రాత్రప్పుడు ప్లంబర్ గుమ్మం తొక్కినందుకే 425 డాలర్లు. గోడ కోసి, రెండడుగుల పైపు మార్చి వెళ్ళేటప్పటికి 1,860. కోసిన గోడ పూడ్చడానికి మరొకరిని పిలుచుకోవాలి. ఆ ప్లంబర్‌ను నేనేమీ అనను. అంత చలిలో ఆయనకూ పిల్లలుంటారు, ఆ రాత్రి ఆయనకిది ఏడో ఇల్లట. చేతివేళ్ళు కొంకర్లు పోతుంటే మా ఓవెన్ దగ్గర కాచుకున్నాడు. టీ ఇచ్చాను. ఫిల్టర్ నీళ్ళతోనే పెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో నీళ్ళ దినచర్య వినండి. చలి ఎక్కువైన రాత్రుళ్ళు పైపు గడ్డకట్టకుండా నల్లా సన్నగా ధార వదలాలి. మిగతా రోజుల్లో పొద్దున లేచాక, రాత్రంతా పైపులో నిలవున్న నీళ్ళు పోవడానికి ఐదు నిమిషాలు వదలాలి. వేడి నీళ్ళ నల్లా వంటకు ముట్టకూడదు, వేడికి సీసం ఎక్కువ కరుగుతుంది. ఇలా వదిలిన నీళ్ళన్నీ మీటర్లో పడతాయి, మీటరు బిల్లులో పడుతుంది. ఆ బిల్లులో 2017 నుంచి వాటర్, సీవర్ టాక్స్ అని ఒక వరుస ఉంది. పైపుల కోసమేమో అని మురిసిపోయాను. కాదట, మున్సిపల్ ఉద్యోగుల పెన్షన్ నిధికట. పెన్షన్ మీద నాకు కోపం లేదు. మా నాన్న కూడా పెన్షన్ మీదే బతికాడు. కానీ నీళ్ళ పేరు చెప్పి వసూలు చేసిన దాంట్లో నీళ్ళ పైపుకు వాటా ఎందుకు లేదో ఒక్కరు చెప్పరు.

పోయిన ఎండాకాలం మా అమ్మ వచ్చింది. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళకు కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళను, నలభై ఏళ్ళకే నడుం వంగినవాళ్ళను చూస్తూ పెరిగాను. ఫిల్టర్ జగ్గులోంచి నీళ్ళు వంచి ఇస్తుంటే అమ్మ అడిగింది, "నల్లా ఉండంగ గీ జగ్గెందుకు బిడ్డా?" అని. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరగబెట్టి తాగుర్రి" అంది. మన ఇళ్ళల్లో అన్ని నీళ్ళ రోగాలకూ అదే మందు కదా. మరగబెడితే సీసం పోదమ్మా, నీళ్ళు ఆవిరై సీసమే చిక్కబడుతుంది అన్నాను. "గీడ గూడ నీళ్ళ బాధేనా?" అంది. ఏడు సముద్రాలు దాటొచ్చి, ఇంత పెద్ద మిషిగన్ సరస్సు ఒడ్డున కాపురం పెట్టి, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఒక తేడా ఉంది లెండి. ఫ్లోరైడ్ మా రాళ్ళల్లో పుట్టింది. ఎవరూ చట్టం చేసి పెట్టలేదు. ఇక్కడ ఇళ్ళకు సీసం లైనే వేయాలని రూలు రాసింది ఈ నగరమే. 1986లో దేశమంతటా నిషేధం వచ్చేదాకా ఆ రూలు అలాగే ఉంది. రూలు మీది, పైపు మాది, 27 వేలు మావి. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెడు కూడా పంచుకునేవాళ్ళు లేరు.

ఊళ్ళో ఇలాంటి లైన్లు సుమారు 4 లక్షలు. ఏడాదికి 8,300 చొప్పున మారుస్తూ 2076కి పూర్తి చేస్తామని నగరం ప్లాన్ ఇచ్చింది. మా పాప 2023లో పుట్టింది. అప్పటికి తనకు 53 ఏళ్ళు. తన మనవలు స్నానం చేసేటప్పటికి నీళ్ళు బాగుంటాయన్నమాట. 2023లోనే కేంద్ర ప్రభుత్వం దగ్గర 336 మిలియన్ డాలర్ల అప్పు తెచ్చుకున్నారు, 30,000 లైన్ల దాకా మారుస్తామన్నారు. మా వీధి అందులో ఉందా అని అడిగితే, "ఏ జాబితా?" అని నన్నే అడిగారు. ఎవరు అడిగారో రాయను, ఆమె ఉద్యోగం ఆమెది.

చలి ఊళ్ళల్లో తవ్వడం కష్టం అంటారేమో. మనకన్నా ఉత్తరాన, విస్కాన్సిన్‌లో ఉన్న మ్యాడిసన్‌లో చలి తక్కువా? వాళ్ళు 2001లో మొదలుపెట్టి, పదేళ్ళు దాటగానే 8,000 లైన్లు ముగించేశారు. ఇంటివాళ్ళ ఖర్చులో సగం, వెయ్యి డాలర్ల దాకా తిరిగిచ్చారు. ఆ డబ్బెక్కడిదంటే, నీళ్ళ ట్యాంకుల మీద సెల్‌ఫోన్ యాంటెన్నాలకు అద్దెకిచ్చి సంపాదించారు. న్యూజెర్సీలోని న్యూఆర్క్ అయితే 23,000 లైన్లు మూడేళ్ళు తిరక్కుండా మార్చింది, ఇంటివాళ్ళ దగ్గర చిల్లిగవ్వ తీసుకోలేదు. మనది పెద్ద ఊరు, నిజమే. పెద్ద ఊరికి పెద్ద బడ్జెట్ కూడా ఉంటుంది కదా సార్. ఏటా మార్చిలో సెయింట్ పాట్రిక్ పండగకని నదికి పచ్చరంగు వేసుకునే ఊరు ఇది.

నాకేం కావాలని అడుగుతారేమో. ఉచితంగా వేస్తే దండం పెడతాను. కుదరదంటే సగం భరించండి. అదీ కుదరదంటే వడ్డీ లేకుండా అప్పివ్వండి, నీళ్ళ బిల్లులో నెలనెలా కోసుకోండి. ఏదీ కుదరదంటే కుదరదని ఒక కాగితం మీద రాసివ్వండి, ఆశ చంపుకుని అప్పు చేస్తాం. ఏదో ఒకటి చెప్పండి. ముందు ఏదో ఒకటి చెప్పండి.

ఇంకో ముచ్చట చెప్పి ఆపుతాను. 1996 పార్లమెంటు ఎన్నికల్లో మా నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. నీళ్ళ గోస ఢిల్లీకి వినిపించాలని మామూలు జనం నామినేషన్లు వేశారు. బ్యాలట్ పేపరు పుస్తకమంత అయ్యింది, ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. బెదిరిస్తున్నాననుకోకండి, మా జిల్లా చరిత్ర చెబుతున్నాను. మా వీధిలో మొన్న లెక్కపెట్టాను, సీసం పైపున్న ఇళ్ళు ముప్పై నాలుగు.

మీరు జనాన్ని కలిసే వచ్చే వార్డ్ నైట్‌కి మళ్ళీ వస్తున్నాను. మూడు కొటేషన్లు, జనవరి బిల్లు తెస్తాను. ఊగే కుర్చీలోనే కూర్చుంటాను, వెతుక్కునే పని లేదు. మీ కోసం ఒక సీసాలో మా నల్లా నీళ్ళు కూడా తెస్తాను. పొద్దున్నే పట్టినవి, ఐదు నిమిషాలు వదలకుండా.

ఇట్లు,
మీ వార్డు ఓటరు,
1926 నాటి బంగళా యజమానురాలు