ఎనిమిదో గడిలో ఫ్యాను

ఒరేయ్ మూడో వైరూ,

రెండు నెలలుగా జవాబు రాయలేదు, తిట్టుకునే ఉంటావు. క్షమించరా. ఇంట్లో అంతా కులాసా, అమ్మ మోకాలు నయం, చిన్నది నడుస్తోంది. మిగతావి తర్వాత. నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా తలకెక్కని సంగతి ఒకటుంది.

మా బిల్డింగులో ఏసీ కంట్రోలర్లన్నీ బాక్‌నెట్‌తో (బిల్డింగు యంత్రాలు మాట్లాడుకునే భాష) నెట్‌వర్క్‌కి కలిపాం. ఇన్నాళ్లూ బేస్‌మెంట్ కంప్యూటర్ ముందు కూర్చుంటేనే కనపడేవి, ఇప్పుడు ఇంటి నుంచే చూడొచ్చు. మొదటిరోజు 'హూ-ఈజ్' (ఎవరెవరున్నారు) అని కేకేస్తే ఒక్కటీ పలకలేదు. అది అందరికీ కలిపి వేసే కేక, బ్రాడ్‌కాస్ట్ కదా, రౌటర్ దాటదు. రెండు సబ్‌నెట్లలోనూ (రౌటర్‌కి ఇటూ అటూ ఉన్న నెట్‌వర్క్ ముక్కలు) ఆ కేకని అవతలికి అందించే బీబీఎండీ పెట్టాక 'ఐ-యామ్, ఐ-యామ్' (నేనున్నా) అంటూ వరసగా లేచాయి. మన లెక్కల మాస్టారి హాజరే!

అసలు కథ శనివారం రాత్రిది. తొమ్మిదింటికి చూస్తే నాలుగో అంతస్తు ఏహెచ్‌యూ (గదులకి చల్లగాలి పంపే యంత్రం) ఫ్యాను తిరుగుతోంది. అక్కడ మనిషి లేడు, షెడ్యూలు ఆరింటికే ఆపమంది. ఆఫ్ పంపాను. ఎర్రర్ లేదు, రాసుకున్నానంది. ఫ్యాను మాత్రం ఆగదు. మళ్లీ పంపాను. మళ్లీ. రిలే అతుక్కుపోయిందా అనుకున్నా. (అవునురా, మూడో వైరుని కూడా అనుమానించా.) చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి, ఎందుకో వెనక్కొచ్చి ప్రయారిటీ అర్రే, అదే ఎవరి మాట చెల్లాలో తేల్చే పట్టిక, తెరిచాను.

పదహారు గళ్లు. షెడ్యూలు మాటా, నా మాటా 16లోనే ఉన్నాయి. ఎనిమిదో గడిలో ఆన్! అది మాన్యువల్ ఆపరేటర్ గడి. అంకె చిన్నదయ్యేకొద్దీ మాట పెద్దది కదా. సర్వీసుకొచ్చినవాళ్లు నడిపి చూసి, విడిచిపెట్టకుండా వెళ్లిపోయారన్నమాట. 8లోనే ఆఫ్ అని రాస్తే అప్పటికప్పుడు ఆగేది, కానీ సోమవారం పొద్దున షెడ్యూలు ఎంత పిలిచినా లేచేది కాదు. అందుకే నల్ రాశాను. నల్ అంటే ఆఫ్ కాదు, ఆ గడి తన పట్టు వదిలెయ్యడం. అంతే, మోటారు కరెంటు చూసే స్విచ్చి కూడా ఆగిందని చెప్పింది. ఆ చీకట్లో, అంత దూరంలో ఒక ఫ్యాను నా మాట విని ఆగిందిరా! నిద్ర పట్టలేదు.

ఇంకోటి, దీనికి మాత్రం ఒళ్లు మండింది. పని తొందరగా అవుతుందని బాక్‌నెట్ వాడే 47808 పోర్టుని (నెట్‌వర్క్‌లో దాని తలుపు నంబరు) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచెయ్యమన్నారు. (ఆ అంకె హెక్స్‌లో, అంటే పదహారు గుర్తుల లెక్కలో, బీఏసీ జీరో అని, అందులో బాక్‌నెట్ పేరే ఉందని కనిపెట్టి నువ్వు హాస్టలంతా లేపిన రాత్రి గుర్తుందా?) ఒప్పుకోలేదు. మేం వాడే బాక్‌నెట్ ఐపీ ఎవరు నువ్వని అడగదు, నేను ఆపిన ఫ్యాన్ని దారినపోయేవాడూ ఆపుతాడు. వీపీఎన్ (మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే రహస్య దారి) లేకుండా కుదరదన్నాను. 2019లో వచ్చిన బాక్‌నెట్ సెక్యూర్ కనెక్ట్‌లో ఎవరన్నది రుజువు చేసే సర్టిఫికెట్లు ఉన్నాయి గానీ, మావి పాత కంట్రోలర్లు, వాటికి దారి ఏదో ఇంకా ఆలోచిస్తున్నా...

నీ చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) సంగతి రాయి. ఆ వాల్వు ఇంకా ఊగుతోందా? గెయిన్ (కంట్రోలర్ స్పందించే జోరు) తగ్గించావా, లేకపోతే సెన్సరే... అదుగో, కింద హారన్ కొడుతున్నారు. ఉంటా.