అతిథి గృహాల గోడ పట్టికలు అక్కరకు రావాలి

సంపాదకులకు నమస్కారం.

నగరాల్లోని అనేక అతిథి గృహాలు తమ పరిసరాల్లోని మ్యూజియంలు, పురాతన కట్టడాలు, నాటకశాలల పేర్లను గది గోడకు అంటించి ఊరుకుంటున్నాయే తప్ప, బస చేసేవారికి నిజంగా అక్కరకు వచ్చే వివరాలను ఇవ్వడం లేదు. ముఖ్యంగా వారపు సెలవు ఏ రోజో రాయడం అరుదు. చాలా మ్యూజియంలు సోమవారం మూతపడతాయన్నది నిజమే కానీ, ఆ లెక్క అంతటా చెల్లదు. తాజ్‌మహల్‌కు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాగా, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఒక్క రోజు బసకు వచ్చినవారు ఈ ముక్క ముందుగా తెలియక మూసిన గేటును చూసి వెనుదిరగవలసి వస్తోంది. టికెట్ల కౌంటరు మూసే వేళ, సందర్శకులను బయటకు పంపే వేళ చాలాచోట్ల ఒకటి కాదన్న సంగతి కూడా ఆ పట్టికల్లో కనిపించదు.

దూరాల విషయం మరీ విడ్డూరం. మ్యాపు మీద గీత గీసి కొలిచిన ఒక కిలోమీటరు, మధ్యలో రైలు పట్టాలో కాలువో అడ్డుపడితే నడకలో మూడు కిలోమీటర్లు కావచ్చు. కిలోమీటర్లకు బదులు నడిచే దారిని, దానికి పట్టే నిమిషాలను రాస్తే (అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు) వృద్ధులకు, పిల్లలతో వచ్చినవారికి ఎంతో మేలు. మెట్లకు బదులు ర్యాంపు ఉందో లేదో కూడా చేర్చాలి.

అతిథి గృహాల యజమానులు కనీసం ఏడాదికోసారి ఈ పట్టికలను సరిచూసుకోవాలని, స్థానిక పర్యాటక శాఖలు వారికి తాజా వివరాలు అందజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు