మన షాపులో డైనమో మార్పించుకున్న వాళ్లందరికీ

నమస్తే. హన్మకొండలో మన ఆటో ఎలక్ట్రికల్ షాపుకు ఏళ్లుగా వస్తున్న అన్నలకు, అక్కలకు, డ్రైవర్ తమ్ముళ్లకు ఈ సంగతి ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పాలి. పోయిన దసరా నుంచి ఈ ఉగాదికి ముందు దాకా మన దగ్గర కొత్త ఆల్టర్నేటర్ (మనం డైనమో అనేది ఇదే, ఇంజను తిరుగుతుంటే కరెంట్ తయారు చేసి బ్యాటరీని చార్జ్ చేసేది) అని వేయించుకున్న బండ్లు 23. వాటికి బిగించినవి కొత్తవి కావు. పాత వాటికి రంగు వేసి, పెట్టెలో పెట్టి పంపిన సరుకు. పంపింది సప్లయర్, బిగించింది నా చేతులు.

మొదటి ఫోన్ మేడారం తిరుగువారం, అంటే జాతర అయిన తర్వాతి వారం చేసే పండుగ, రోజు రాత్రి వచ్చింది. 2004 మోడల్ వ్యాగన్ ఆర్. తాడ్వాయి దాటాక అడవిలో హెడ్‌లైట్లు పచ్చబడి, ఇంజను ఎగిరెగిరి పడి బండి ఆగిపోయింది. ఆ అన్న సిగ్నల్ దొరికే చోటు దాకా చీకట్లో నడిచి వచ్చి ఫోన్ చేశాడు. చార్జింగ్ ఉన్న బ్యాటరీ ఒకటి బండిలో వేసుకుని నేను అక్కడికి చేరేసరికి ఒంటిగంట. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. వాళ్ల నానమ్మ అమ్మవార్ల బంగారాన్ని, అదే బెల్లం ముద్దను, కొంగులో కట్టుకుని కూర్చుంది. నేను బ్యాటరీ మారుస్తుంటే ఒకే మాట అడిగింది: "మంచి సామానే ఏసినవా బిడ్డా?" అవునన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

తర్వాత పది రోజుల్లో ఇంకో రెండు బండ్లు వచ్చాయి. మారుతి 800 ఒకటి, మీటర్ పెడితే 15.8 వోల్టులు చూపించింది. ఉండాల్సింది 14 దరిదాపుల్లో. వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ అదుపు తప్పి బ్యాటరీని ఉడికించింది, బానెట్ ఎత్తగానే కుళ్లిన గుడ్ల వాసన. ఇంకోటి క్వాలిస్, దాని గురించి కింద రాస్తాను.

మూడోది వచ్చిన రాత్రి షట్టర్ సగం దించి, స్టాకులో ఉన్న ఒక కొత్త పీసు విప్పాను. బయట అల్యూమినియం బాడీ తళతళ మెరుస్తోంది. లోపల తిరిగే రోటర్ మీది రాగి రింగుల్ని గోటితో తడిమితే గాడి తగిలింది. రింగులకు కరెంట్ అందించే కార్బన్‌లు ఏళ్ల తరబడి రాసుకుంటే పడే గాడి అది. లేత్ మీద పైపైన గీకి వదిలేశారు. మాడి నల్లబడిన వైండింగ్ (రాగి తీగ చుట్ట) మీద వార్నిష్ పూశారు. ఏసీ కరెంట్‌ను డీసీగా మార్చే డయోడ్ ప్లేట్ మీద పాత టంకం సీసం పక్కనే కొత్త సీసం చుక్క. బేరింగ్ మీద పేరు లేదు, నంబరు లేదు. పెట్టె మీద మాత్రం పెద్ద కంపెనీ స్టిక్కర్. మిగతా పది కూడా ఆ రాత్రే విప్పాను. అన్నీ అవే.

హైదరాబాద్‌లో ఉన్న ఆ సప్లయర్‌తో నాకు ఆరేళ్ల పరిచయం. అతని పైసలు నేను ఒక్కసారి కూడా ఆపలేదు. ఫోన్ చేసి అడిగితే "గా రేటుకు గంతే వస్తది అన్నా. గిరాకీ ఎవడు ఇప్పి సూస్తడు?" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. కస్టమర్ విప్పి చూడడు, నిజమే. ఆయన తరఫున చూడాల్సింది నేను, చూడలేదు. పెట్టె చూసి నమ్మాను. ములుగు రోడ్డు మీద లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ని, పద్దెనిమిదేళ్లకే చేత్తో వైండింగ్ చుట్టినవాణ్ని. గోటికి తగిలే గాడిని ఇన్ని నెలలు కనిపెట్టలేదంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఒక కస్టమర్ కొడుకు షాపు ముందర నలుగురిలో నిలబడి "పాత సామాను ఏసి కొత్త పైసలు తీసుకున్నరు" అన్నాడు. కాదని అనలేకపోయాను. అది నా నోటితో మీ అందరికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అసలు ఈ పెట్టె సరుకు వైపు ఎందుకు పోయానో కూడా చెప్పాలి. ఇదివరకు మీ బండి డైనమో నేనే విప్పి బాగు చేసేవాణ్ని. దానికి ఒక రోజు పడుతుంది. బండి నడిస్తేనే ఇల్లు గడిచే డ్రైవర్లకు ఒక రోజు అంటే మాటలు కాదు. "అన్నా, సాయంత్రానికి కావాలె" అంటే పెట్టె విప్పి గంటలో బిగించి పంపేవాణ్ని. పదిహేను, ఇరవై ఏళ్ల బండికి కంపెనీ డీలర్ దగ్గర కొత్తది కొందామంటే ఒక్కోసారి దొరకదు, దొరికినా బండి విలువలో ఎంత శాతం దీనికే పెట్టాలి అని మీరే వెనకాడతారు. నడుమ రేటులో దొరికేది ఆ పెట్టె సరుకే.

ఇప్పుడు ఏం చేయాలని నెల రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. వేరే సప్లయర్‌ని చూసుకుందామంటే వాడి పెట్టెలో ఏముందో ఎట్లా తెలుస్తుంది? అందరికీ కంపెనీ కొత్తదే వేద్దామంటే మారుతి 800 నడుపుకునే రిటైర్డ్ సారుకు అది భారం. చివరికి పాత పద్ధతికే తిరిగి వస్తున్నాను. మీ బండి డైనమోనే మీ ముందర విప్పుతాను.

దీనికి నా లెక్క ఇది. బండితో పాటు కంపెనీ నుంచి వచ్చిన డైనమోలో బాడీ, స్టేటర్ (కదలకుండా ఉండే తీగ చుట్ట), రోటర్ చాలా కాలం ఉంటాయి. త్వరగా పోయేవి కార్బన్‌లు, రెండు బేరింగులు, రెగ్యులేటర్, డయోడ్లు. రోటర్ రింగుల మధ్య మీటర్ పెడితే మూడు ఓమ్‌ల అటూ ఇటూగా చూపించి, రింగుల నుంచి బాడీకి కరెంట్ లీక్ కాకపోతే ఆ రోటర్ ఇంకా పనికొస్తుంది. అట్లాంటిది తీసి అవతల పారేసి, ఎవరి బండిదో తెలియని రంగు వేసిన పీసు ఎందుకు బిగించాలి? రింగులు పలచబడినా, బేరింగ్ కూర్చునే గూడు వదులైనా, వైండింగ్ మాడినా మాత్రం బాగు చేయను, ఎంత అడిగినా చేయను. అప్పుడు డీలర్ బిల్లుతో కొత్తదే. ఆ బిల్లు మీ పేరు మీదే ఉంటుంది, నేను కలిపేది లేబర్ ఒక్కటే. బాగు చేసేదాకా ఒక రోజు బండి మా దగ్గర ఉండాల్సిందే. సాయంత్రానికి కావాలంటే ఇక మాట ఇవ్వలేను. దీంతో కొందరు పక్క షాపుకు పోతారని తెలుసు.

క్వాలిస్ వాళ్లు ఇది తప్పకుండా చదవండి. 2005 నాటికే ఆ బండి తయారీ ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవన్నీ పాతవే. దాని ఆల్టర్నేటర్ వెనక గాలి లాగే వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలిగ్గా పడేది ఆ పంపు వల్లే. ఇండికా డీజిల్‌లో కూడా అంతే. పంపుకు ఇంజను ఆయిలే పోతుంది, సీలు పాడైతే ఆయిల్ డైనమో లోపలికి దిగి కార్బన్‌లను తడిపేస్తుంది. నేను పైన చెప్పిన క్వాలిస్‌లో జరిగింది అదే. చార్జింగ్ పోయింది, దానితో పాటే పంపు కూడా లాగడం మానేసింది. ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతుంటే బ్రేకు రాయిలా గట్టిపడింది. డ్రైవర్ తమ్ముడు రెండు కాళ్లతో తొక్కి, గేరు దించి ఆపుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట అనుకున్నప్పుడల్లా నా చేతులు ఇప్పటికీ చల్లబడతాయి. మీ బండికి మన దగ్గర డైనమో మార్చి ఉంటే, బ్రేకు కొంచెం గట్టిగా అనిపించినా నడపకండి, ఫోన్ చేస్తే నేనే వస్తాను.

ఇంకో సంగతి. మ్యూజిక్ సిస్టమ్, ఎక్స్‌ట్రా లైట్లు పెట్టుకున్న కుర్రాళ్లు ఎక్కువ ఆంపియర్ల (ఎక్కువ కరెంట్ ఇచ్చే) డైనమో అడుగుతున్నారు. ఆంపియర్లు ఎక్కువైతే బ్యాటరీ పేలుతుందని కొందరికి భయం. బండి ఎంత లాగితే డైనమో అంతే ఇస్తుంది, బ్యాటరీని పాడు చేసేది వోల్టేజ్. కానీ డైనమో నుంచి బ్యాటరీకి పోయే పాత వైరు అంత కరెంట్ మోయలేక వేడెక్కుతుంది. వైరు, బెల్టు మార్చకుండా ఒక్క డైనమో పెంచమంటే పెంచను.

ఆ 11 పీసుల్ని వాపస్ తీసుకుంటానన్నాడు సప్లయర్, పైసలు కూడా ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. ఇస్తే జనగామలోనో, కరీంనగర్‌లోనో ఇంకో షాపు బల్ల మీదికి చేరతాయి. అన్నిటి రోటర్లూ గ్రైండర్‌తో కోసేసి స్క్రాప్ బస్తాలో వేశాను. మా ఇంట్లో ఆమెకు కోపం వచ్చింది, న్యాయమే. అయినా మళ్లీ అడిగినా అదే చేస్తాను.

23 బండ్లలో పదిహేడింటి ఓనర్లకు ఫోన్ చేశాను. మిగతా ఆరుగురి నంబర్లు మారినట్టున్నాయి. మీరు వాళ్లలో ఒకరైతే, లేదా అట్లాంటి వాళ్లు మీకు తెలిస్తే షాపుకు రమ్మనండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, మా పుస్తకంలో బండి నంబర్ రాసి ఉంది. మీ పాత డైనమో ఇంకా మా గోడౌన్‌లోనే ఉంటే దాన్నే బాగు చేసి బిగిస్తాను, లేకపోతే డీలర్ దగ్గరి కొత్తది వేస్తాను. రెండింటికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. బ్యాటరీ దాని వల్లే పోయిందని తేలితే బ్యాటరీ కూడా నాదే.

రాగానే ఇంజను ఆపకండి. కనీసం అరగంట నడిపిన బండి, వేడి మీద, హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి మీటర్ పెడతాను. చల్లటి ఇంజను మీద రంగు వేసిన పీసు కూడా 14 చూపిస్తుంది.