వార్షిక నివేదిక: ఆన్‌లైన్ చదువుల కేస్ స్టడీలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఎప్పటిలాగే ఈ ఏడాది కూడా మన సంఘం నోటుపుస్తకాలు పంచింది, వేసవి తరగతులు నడిపింది. జమాఖర్చులు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. నేను మాత్రం కేస్ స్టడీల పని, అంటే ఒక్కో ఇంట్లో ఆన్‌లైన్ చదువు ఎలా సాగిందో వివరంగా రాసిపెట్టే పని గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను.

కరోనాతో బడులు మూతపడి ఉండగా, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా ప్రసారాలు) చానళ్ళలో బడి పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో మన టీచర్లు ఇల్లిల్లూ తిరిగారు. చివరికి కాగితం మీద మిగిలింది మాత్రం ‘కార్యక్రమం విజయవంతమైంది’ అనే ఒక్క వాక్యం, నాలుగు ఫొటోలు. రేపు మళ్ళీ బడులు మూతపడితే వాటిని చూసి ఏ టీచరూ ఏమీ నేర్చుకోలేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాసివ్వమని సభ్యులను అడిగాం.

వచ్చినవాటిలో ఒక లెక్కల మేడమ్ రాసింది అందరూ చదవాలి. ఒక ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. పొద్దున్నే నాన్నతో పాటు అదీ పనికి వెళ్తుంది. పాప చేసిన వర్క్‌షీట్ ఫొటో రాత్రి భోజనాలయ్యాక గానీ వాట్సాప్‌లో రాదు. అది గమనించి మేడమ్ దిద్దే పనిని రాత్రికి మార్చుకున్నారు. సర్వేలో అయితే ఆ ఇంటికి ‘ఫోన్ ఉంది’ అని టిక్కు పడుతుంది, అంతే.

ఎవరు చదివారో రాయకపోతే ఫలితాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. అమెరికాలో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ 2013లో ఉడాసిటీ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీతో కలిసి ఆన్‌లైన్ కోర్సులు పెట్టింది. మొదటి విడతలో పాసైనవాళ్ళు తక్కువ, వేసవి విడతలో బాగా పెరిగారు. అయితే వేసవిలో చేరినవాళ్ళలో చాలామందికి అప్పటికే డిగ్రీ ఉంది. మొదటి విడతలోనేమో అంతకుముందు లెక్కల్లో తప్పినవాళ్ళు, హైస్కూలు పిల్లలు ఉన్నారు. ఈ సంగతి తెలియకుండా పాస్ శాతాలు పోల్చి లాభమేంటి?

వచ్చే ఏడాది, బడి పాఠాలుండే కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్ వాడకం మీద రాయాలని కార్యవర్గం తీర్మానించింది. మధ్యలో మానేసిన పిల్లల ఇళ్ళకూ వెళ్ళి మాట్లాడండి, ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే రాయండి. రీచార్జికి ఎంతయింది, ఎవరు పెట్టుకున్నారు అన్నదీ కావాలి. పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు. రాసింది ముందు ఆ తల్లిదండ్రులకు చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే సంఘానికి ఇవ్వండి. రాయడం అలవాటు లేనివాళ్ళు నోటితో చెప్పినా చాలు, రాసిపెట్టడానికి మన యువ సభ్యులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి