విశ్వావసు సంవత్సర వార్షిక నివేదిక: చెన్నైకి ఆహార ప్రణాళిక కోసం మన సంఘం చేసిన పని

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారములు.

పండుగలు, సన్మానాలు యథావిధిగా జరుపుకుంటూనే, చెన్నై నగరమంతటికీ వర్తించే స్థానిక ఆహార ప్రణాళికకు, అంటే ఊరికి తిండి ఎక్కడి నుంచి ఎలా చేరాలో చెప్పే పత్రానికి, ఒక ముసాయిదా తయారుచేసి అధికారులకు అందజేయాలని గత ఉగాదినాటి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించారు. ఆ పని ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఈ నివేదికలో విన్నవిస్తున్నాము. కార్తీక వనభోజనం, పిల్లల పద్యాల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు జతపరచిన పట్టికలో ఉన్నాయి కనుక ఇక్కడ ఆ ప్రస్తావన పెంచడం లేదు.

ఈ పనికి వేసుకున్న ఉపసంఘంలోనే మొదట్లో ఏకాభిప్రాయం లేదని దాచకుండా చెప్పాలి. ఎక్కువమంది మిద్దెతోటల వైపు మొగ్గారు. పెరంబూరు, అయనావరం, విల్లివాక్కంలలో పలువురు సభ్యులు ఇళ్ల మీద సంచుల్లో తోటకూర, పాలకూర, గోంగూర వేశారు. మే నెల ఎండకు పాలకూర మాడిపోయినా గోంగూర మాత్రం తెలుగువారి పరువు నిలబెట్టింది. అయితే మిద్దె మీద పండేది ఆకుకూరే. ఇంటి ఖర్చును శాసించేవి బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, టమాటా. పైగా అద్దెకుండే కుటుంబానికి మిద్దె మీద హక్కే ఉండదు. అందువల్ల మిద్దెతోటలను ఎవరి ఇష్టానికి వారికి వదిలి, పొలంలో కోసిన టమాటా మన వీధిలోని తోపుడుబండి దాకా ఎలా వస్తున్నదో చూడడమే అసలు పనిగా ఉపసంఘం పెట్టుకుంది.

టమాటానే ఎంచుకోవడానికి కారణం ఉంది. నగరపు టోకు కూరగాయల మార్కెట్టు అయిన కోయంబేడుకు టమాటా ఎక్కువగా మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కోలారు ప్రాంతాల నుంచి వస్తుంది. పంట ఒక్కసారిగా విరగకాస్తే అక్కడి రైతు కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తాడు. అదనులేని వానలు పడినా, ఆకుముడత తెగులు తగిలినా ధర పెరిగి ఇక్కడ మనకు కొనబుద్ధి కాదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు ప్రభుత్వం చెన్నైలోని 82 రేషన్ దుకాణాల్లో కిలో 60 రూపాయలకు అమ్మించవలసి వచ్చిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది.

ఈ దారిని కళ్లారా చూడడానికి ముగ్గురు సభ్యులు ఒక రాత్రి కోయంబేడులో గడిపారు. నెల్లూరు వైపు నుంచి వచ్చి విల్లివాక్కంలో స్థిరపడి, మన వీధి చివర కూరగాయలు అమ్మే ఒకామె వెంట వారు వెళ్లారు. ఆమె క్రేటు ధర అడగడానికి ముందే చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయలను తడిమి చూసింది. మరో నలుగురితో కలిసి, ఇక్కడ అందరూ ‘కుట్టి యానై’ అని పిలిచే చిన్న వ్యాను మాట్లాడుకుని, తెల్లవారేసరికి సరుకు వీధికి చేర్చింది. ఉదయం ఒక ధర, మధ్యాహ్నం ఎండకు కాయ మెత్తబడ్డాక ఇంకొక ధర, సాయంత్రం మిగిలినవి పోగులు పెట్టి పోగింతకని అమ్మకం, చివరకు పగిలినవి చెత్తలోకి. ఆ చెత్తలోకి పోయేదాని ఖరీదు కూడా కలుపుకునే ఆమె ఉదయపు ధర చెప్పాలి. సరుకు దాచుకోవడానికి చల్లని గిడ్డంగి ఉంటే బాగుంటుందా అని మేము అడిగాము. “నాకు గోడౌను ఎందుకు సార్, ఎండ పడని చోటొకటి చూపిస్తే చాలు, సగం కాయ మిగుల్తాది” అన్నది. ముసాయిదాలో మొదటి అంశంగా ‘నీడ’ చేరింది ఆ మాట వల్లనే.

మండీని తప్పించి నేరుగా రైతు దగ్గరే కొందామన్న ఉత్సాహంతో మేము చేసిన ప్రయత్నం గురించి కూడా చెప్పవలసి ఉంది. ఆషాఢంలో మదనపల్లె దగ్గరి రైతు నుంచి ఒక వ్యాను టమాటా తెప్పించాము. దింపడానికి మనుషులను మాట్లాడలేదు, ఖాళీ క్రేట్లు తిరిగి పంపే సంగతి ఎవరికీ తట్టలేదు, హాలు తాళంచెవి ఉన్న సభ్యులు ఆ రోజు తిరుపతిలో ఉన్నారు. వ్యాను మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడింది. మిగిలినదానితో మహిళా సభ్యులు నిలవపచ్చడి పెట్టారు కానీ నష్టం నష్టమే. దానిని పట్టికలో ఉన్నదున్నట్టు చూపాము. కమీషన్ ఏజెంటును తిట్టడం సులభం. అయితే దింపుడు, అరువు, మిగిలిన సరుకును వదిలించుకోవడం అనే మూడు పనులు అతను చేస్తున్నాడని, అతనిని తొలగించాలనే ప్రణాళిక ముందుగా ఆ మూడింటికీ జవాబు చెప్పాలని మాకు డబ్బు పోయాక తెలిసింది.

నగరమంతా ఒకే మార్కెట్టు మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో 2020లో చూశాము. జార్జిటౌన్‌లోని కొత్వాల్‌చావడి లారీల రద్దీకి ఇరుకైపోవడం వల్ల 1996లో కోయంబేడు వచ్చింది. 2020 మేలో కరోనా ఆ మార్కెట్టు నుంచి జిల్లాలకు పాకడంతో దానిని మూసి, కూరగాయల వ్యాపారాన్ని నగర శివార్లలోని తిరుమళిసైకి తరలించారు. సెప్టెంబరు దాకా నగరం అలాగే నెట్టుకొచ్చింది. అందుకే ప్రతి వార్డులో పొద్దుటిపూట రైతులూ చిల్లర వర్తకులూ కూర్చోవడానికి నీడ, నీళ్లు, తూకం ఉన్న చిన్న స్థలం కేటాయించాలని ముసాయిదాలో కోరాము. ఇది కొత్తగా చట్టం చేయవలసిన విషయం కాదు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచే ఉంది, అమ్మకపు స్థలాలపై సలహా ఇచ్చే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని అందులోనే ఉన్నది.

రెండవ కోరిక కొనుగోళ్లకు సంబంధించినది. పిట్టి త్యాగరాయ శెట్టి గారు మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షులుగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు తిండి పెట్టించారు. 2013లో రూపాయి ఇడ్లీతో అమ్మ ఉణవగాలు (చవక భోజనశాలలు) వచ్చాయి. 2022 నుంచి బడుల్లో ఉదయ ఫలహారం పెడుతున్నారు. ఇంత వంట జరిగే ఊరు తన కూరగాయల్లో కొంత భాగాన్ని తిరువళ్లూరు, చెంగల్పట్టు రైతుల నుంచి ముందే చెప్పిన ధరకు కొంటే అటు పారబోతా, ఇటు ధరల మంటా రెండూ తగ్గుతాయని మా అభిప్రాయం. బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటె నగరం 1993 నుంచి ఆహారానికి ప్రత్యేక విభాగం పెట్టుకుని ఇటువంటి పనులే చేస్తున్నది.

ఇక్కడ అటువంటి విభాగం లేకపోవడమే మాకు ఎదురైన పెద్ద చిక్కు. కోయంబేడు సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) చేతిలో, రేషన్ పౌర సరఫరాల శాఖలో, ఉళవర్ సందైలు (రైతుబజార్లు) వ్యవసాయ మార్కెటింగ్ కింద, అమ్మ ఉణవగాలు నగరపాలక సంస్థ కింద ఉన్నాయి. కనుక ఒకే వినతిపత్రానికి నాలుగు ప్రతులు తీశాము. నగర ప్రణాళికా ప్రాంతాన్ని 1,189 నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు పెంచుతూ 2022లో ఉత్తర్వు వచ్చింది. ఇంకా వరి, కూరగాయలు పండుతున్న గ్రామాలెన్నో అందులో ఉన్నాయి. ఆ ప్రాంతానికి తయారయ్యే ప్రణాళికలో ఆ భూములకు సాగుభూములుగానే రక్షణ కల్పించాలని ఐదవ ప్రతి కూడా పంపవలసి ఉంది.

ముసాయిదాను తెలుగులో రాసుకున్నాము. తమిళంలోకి మార్చినది బడిలో తమిళం చదువుకుంటున్న మన పిల్లలే. వారికి పరీక్షలు ఉన్నందున ఐదవ ప్రతి ఆగింది. తమిళం తప్పుల్లేకుండా రాయగలిగిన పెద్దలు ఇద్దరు ముందుకు రావాలని, అలాగే మన మూడు ప్రాంతాల్లో ఏ చెట్టు కింద, ఏ గోడ పక్కన ఉదయం పదకొండు దాకా నీడ నిలుస్తుందో గుర్తించే పనికి వచ్చే ఆదివారం ఆరింటికి సభ్యులు హాలు దగ్గరకు రావాలని కోరుతున్నాము. తాళంచెవి ఈసారి ఇద్దరి దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి