స్పెషల్ టీచర్ వారానికి ఒక్కరోజు వస్తే ఎలా సార్?

విద్యాశాఖ అధికారి గారికి నమస్కారం.

మావాడికి డిస్లెక్సియా (అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉంది సార్, కథ చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు గానీ చదవమంటే 'వ'ని 'ప' అంటాడు, వేలు పెట్టుకున్న లైన్ కూడా తప్పిపోతుంది, పిల్లలు నవ్వుతారు, క్లాస్ టీచరేమో బద్ధకం అంటారు. ఇలాంటి పిల్లల కోసం ఉన్న స్పెషల్ టీచర్ వచ్చేది వారానికి ఒక్కసారే, నాలుగు స్కూళ్లకీ ఆవిడొక్కరే, వచ్చిన రోజు రిజిస్టర్లు నింపడంతోనే సరిపోతుంది (ఆవిణ్ణి అనట్లేదు లెండి). డిస్లెక్సియా అంటే తెలివితక్కువతనం కాదు సార్, అక్షరాన్నీ శబ్దాన్నీ కలిపి రోజూ కాస్త కాస్త నేర్పిస్తే పట్టుకుంటారు, వారానికోసారంటే మళ్లీ మొదటికే. మామూలు బడిలోనే పిల్లాడికి తగ్గ సాయం ఇవ్వాలని 2006 ఐరాస వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ ఆర్టికల్‌లోనే ఉంది.

పరీక్షకి ఎక్స్‌ట్రా టైమ్ అడిగితే సర్టిఫికెట్ తెమ్మన్నారు, తెచ్చిచ్చాం, ఇప్పుడా ఫైల్ ఎక్కడుందో ఎవరూ చెప్పట్లేదు. ముందు అది కదిలించండి సార్, పరీక్షలు దగ్గరికొచ్చేశాయి.

ఇట్లు,
ఒక తల్లి